చెయ్యి చాచినంత దూరం

డెవలపర్ మందు పోసిన ఫిల్మ్ డబ్బాని తలకిందులు చేసి, మళ్ళీ నిలబెట్టి, అడుగున అరచేత్తో ఒక్కటి తట్టింది కోడలు. ఫిల్మ్ మీద గాలిబుడగలేమైనా అంటుకుని ఉంటే వదిలిపోతాయి, లేకపోతే బొమ్మలో చుక్కలు పడతాయి, అలా తట్టాలని నేర్పిన మనిషి ఇప్పుడు తలుపవతల స్టూలు మీద కూర్చుని ఉంది, కూర్చుందని ఎలా తెలుసంటే ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి, ఆవిడ ఎటు ఒరిగినా టక్కుమంటుంది, ఇందాకట్నుంచీ టక్కుమంటూనే ఉంది, అంటే అత్తగారు కుదురుగా లేదు, పైకి మాత్రం "నాకేం తొందర, నిదానంగా కానీ" అంటోంది. ఇది అసలు బాత్రూమే, స్నానాలకి ఇంకోటి ఉండబట్టి సరిపోయింది, కిటికీకి నల్లకాగితం, తలుపు కింద సందుకి పాత తువ్వాలు, బకెట్లు ఉండాల్సిన చోట మూడు ట్రేలు, బల్లమీద బొమ్మని పెద్దది చేసే ఎన్లార్జర్. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు తెలియక ఈ తలుపు తొయ్యబోతే, మామగారు పేపర్లోంచి తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టి, "ఆగమ్మా, లోపల ప్రసవం జరుగుతోంది" అన్నాడు, తను నిజంగానే హడలిపోయి రెండడుగులు వెనక్కి వేసింది, కాసేపటికి అత్తగారు తడి కాగితం ఒకటి రెండు వేళ్ళతో పట్టుకుని బయటికొచ్చింది, అందులో ఒక ఖాళీ కుర్చీ. ఎవరిదండీ ఈ కుర్చీ అంటే, "ఎవరిదో చూసి నువ్వే చెప్పు" అంది. చేతులు ఆన్చే చోట రంగు పోయింది, కుడిచేతి వైపు ఇంకా ఎక్కువ పోయింది, కూర్చునే చోట గుంట ఒక పక్కకి జారింది. "ఎవరో బరువైన మనిషి, కుడిపక్కకి ఒరిగి కూర్చుంటాడు" అంది తను భయం భయంగా. పేపరు వెనక మామగారు దగ్గాడు. ఆయన కుర్చీయే.

మళ్ళీ తలకిందులు, మళ్ళీ నిలువు, మళ్ళీ తట్టడం. ఈ రోలు ఆఖరిది. ఆఖరిదని ఆవిడే అంది, మొన్న భోజనాల దగ్గర, కూర బాగుంది అన్నంత మామూలుగా. "ఇది కడిగి చూద్దాం, ఏమైనా వస్తే వచ్చినట్టు, లేకపోతే కెమెరా ఇచ్చేద్దాం, ఊరికే బీరువాలో పడి ఉంటే బూజు పడుతుంది." అమ్మ కష్టం చూడలేని కొడుకు వెంటనే ఫోన్ తీశాడు, ఒకప్పుడు ఆవిడ పనిచేసిన స్టూడియో ఓనరు పాత కెమెరాలంటే ప్రాణం పెడతాడు, ఈ సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఆయన మంచివాడే, కెమెరాని కంటికి రెప్పలా చూసుకుంటాడు, కొడుకు ఉద్దేశమూ మంచిదే, ఇంటిల్లిపాదీ మంచివాళ్ళే, ఆ మంచితనం మధ్యలో కూర్చుని ఆ రాత్రి అత్తగారు పెరుగన్నం ముద్ద సగంలో ఆపి పక్కకి చూసింది, పక్కకి చూడటం ఎందుకంటే నేరుగా చూస్తే ఆవిడకి ఇప్పుడేదీ ఉండదు.

కంటి డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు, చూపు నడిమధ్యలో మచ్చ, చుట్టూ అంచులు బాగానే ఉంటాయి. గోడ కనిపిస్తుంది, గోడమీద ఆవిడ చూడాలనుకున్నది కనిపించదు. గుమ్మంలో ఎవరో నిలబడ్డారని తెలుస్తుంది, మొహం ఉండదు. డాక్టరు గదిలోంచి బయటికొచ్చాక ఏడుస్తుందేమోనని తను చెయ్యి పట్టుకుంటే, ఆవిడ నవ్వింది, "చూశావా, జీతానికి మొహాలు తీసినన్నాళ్ళూ ఈ మొహాలెప్పుడు పోతాయిరా బాబూ అనుకున్నాను, విన్నాడు ఎవడో" అంది. నిజమే, పాతికేళ్ళ పైన పాస్‌పోర్ట్ ఫోటోలు తీసింది, తల పైకెత్తండి, గడ్డం కిందకి, కళ్ళు ఇటు, నవ్వకూడదు, నవ్వకూడదంటే ఏడవమని కాదు. స్టూడియో మెట్లెక్కేటప్పటి మొహం వేరు, లైటు కింద కూర్చోగానే పెట్టుకునే మొహం వేరు, ఆ పెట్టుకున్న మొహాలతో విసుగెత్తి, సెలవునాడు సొంత కెమెరా పట్టుకుని మనుషుల్లేని చోట్లకి పోయేది. మనుషుల్లేని చోట్లు అనడం కూడా తప్పే, మనుషులు అప్పుడే లేచి వెళ్ళిపోయిన చోట్లు. దర్జీ మిషను పెడలు, పాదం ఆనే చోట నున్నబడి మెరుస్తూ. టెలిఫోన్ పెట్టె పక్కన గోడ, మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరెవరో గీసిన సున్నాలూ, పువ్వులూ, ఒకే పేరు మళ్ళీ మళ్ళీ. లైబ్రరీ బల్ల అంచు, ఆలోచిస్తూ గోటితో గిల్లిన గంట్లు. అన్నీ నలుపూ తెలుపే. రంగులెందుకు వద్దండీ అని తనొకసారి అడిగితే, "రంగుంటే ముందు దాన్నే చూస్తారు, మరక వెనకపడిపోతుంది" అంది.

"అమ్మాయ్, డెవలపర్ పారబోశావా?"

"ఇప్పుడేనండీ. ఫిక్సర్ పోస్తున్నా."

"మందు చల్లబడలేదుగా?"

"లేదు అత్తయ్యా, చూసుకున్నాను."

టక్కు. స్టూలు ఇంకోవైపు ఒరిగింది. ఈ గొంతే పెళ్ళిచూపులనాడు, చూపులంటే పెద్ద హంగామా ఏం లేదు, ఆయన తనని ఇంటికి తీసుకొచ్చి అమ్మా ఈ అమ్మాయే అన్నాడు, అంతే, అప్పుడు ఈ గొంతే అడిగిన మొదటి ప్రశ్న, ఏం చదివావనీ కాదు, మీవాళ్ళెవరనీ కాదు, "ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తావటగా, ఫిల్మ్ చేత్తో కడుగుతారా, మిషన్లో వేస్తారా?" అని. చేత్తోనే అనగానే ఆవిడ కొడుకుని పక్కకి నెట్టి తన పక్కన కూర్చుంది, ఇద్దరూ మందుల గురించీ, ఎర్ర దీపం గురించీ, వేళ్ళ సందుల్లో పోని వాసన గురించీ మాట్లాడుకుంటూంటే ఆయన అటూ ఇటూ చూసి, మామగారితో కలిసి పళ్ళు కోసుకుని తిన్నాడు. తర్వాత ఆస్పత్రిలో అంతా కంప్యూటర్లొచ్చాయి, తన వేళ్ళకి ఆ వాసన పోయింది, ఈ బాత్రూములో మళ్ళీ అంటింది.

అదే ఆస్పత్రికి ఒకరోజు అత్తగారు అన్నం డబ్బా ఇవ్వడానికొచ్చి, ఎక్స్‌రే గది ముందు బెంచీ దగ్గర ఆగిపోయింది. బెంచీ వెనక గోడమీద వరసగా నూనె మరకలు, గుండ్రంగా, ఒకటి పైకి, ఒకటి కిందకి, వచ్చినవాళ్ళు కూర్చుని కూర్చుని తల వెనక్కి ఆన్చిన చోట్లు. ఒక మరక మిగతావాటికంటే చాలా కింద ఉంది. "ఇక్కడ ఎవరో బాగా జారిపోయి కూర్చున్నారు, ఒంట్లో ఓపిక లేదు పాపం" అంది ఆవిడ, ఎవరో ఇంకా కూర్చునే ఉన్నట్టు గొంతు తగ్గించి. ఆ గోడ ముందునుంచి తను రోజుకెన్నిసార్లు నడిచిందో, తర్వాత ఎవరు అని ఎన్నివందలసార్లు కేకేసిందో, ఆ గోడనెప్పుడూ చూడలేదు. లోపల మనుషుల ఎముకలు తీస్తూ తీస్తూ, బయట వాళ్ళు తమంతట తాము గీసి వెళ్ళిన బొమ్మ చూడలేదు. ఆవిడ ఆ గోడని తీసిన ఫోటో చూశాక ఇక చూడకుండా ఉండటం చేతకాలేదు, పిలిచే ముందు ఒక్క క్షణం ఆగేది, గొంతు కూడా మారిందని తోటి నర్సమ్మ అంది, ఏమిటీమధ్య పేషెంట్లని చుట్టాల్లా పిలుస్తున్నావ్ అని. ఆ తర్వాత గోడకి సున్నం వేశారు. ఇప్పుడా తలలన్నీ ఈ ఇంట్లో ఒక అట్టపెట్టెలో ఉన్నాయి.

వచ్చిన బొమ్మని చెరగకుండా నిలిపే ఫిక్సర్ డబ్బాలో తిరుగుతోంది, గొంతులో అదే పుల్లటి ఘాటు. ఇంతకీ ఈ రోలు ఆవిడ ఎప్పుడు తీసిందో తెలియదు. అందరూ పనులకి వెళ్ళాక, ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు తీసి ఉండాలి, ఒకటి రెండుసార్లు తను ముందుగా వచ్చేసరికి ఆవిడ మెట్ల మలుపులో గోడ పట్టుకుని నిలబడి ఉంది, కెమెరా కొంగు చాటున సగం దాగి, లెన్సుకి ప్లాస్టర్ ముక్క ఒకటి అంటుకుని, ఏంటండీ అంటే, గాలికి, అంది. వ్యూఫైండర్లో కన్ను పెడితే మధ్యలో మచ్చ తప్ప ఏమీ లేని మనిషి, ఫోకస్ ఎలా చూసుకుంది, ఎదురుగా ఏముందో ఎలా తెలిసింది. ఏమీ వచ్చి ఉండదు. వచ్చినా మసకగా వచ్చి ఉంటుంది. అప్పుడు తలుపు తీసి ఏం చెప్పాలి. బాగున్నాయి అత్తయ్యా అనొచ్చు, ఆవిడకెలాగూ కనపడదు, కొడుకైతే అదే చెప్తాడు, అలాంటి అబద్ధం ఎవరికీ తప్పనిపించదు. కానీ ఈ ఇంట్లో బాగుంది అన్న మాట చెల్లదు. మొదట్లో ఒక బొమ్మ చూపిస్తే తను మర్యాదకి చాలా బాగుందండీ అన్నది, ఆవిడ దాన్ని అలాగే పట్టుకుని "ఏం బాగుంది?" అని అడిగి, "ఏం కనిపిస్తోందో చెప్పు చాలు, బాగుందో లేదో నేను చూసుకుంటాను" అంది. కోపంగా ఏం కాదు. అప్పట్నుంచి తను చూసింది చూసినట్టు చెప్పడమే నేర్చుకుంది, ఇన్నేళ్ళ అలవాటు, ఆ గొంతు ముందు నాలుక అబద్ధానికి తిరగదు.

మూత తిప్పింది. చుట్ట విప్పి దీపానికి ఎత్తి పట్టుకుంది. వచ్చాయి. చిన్న చిన్న గళ్ళు, ఒకదాని పక్కన ఒకటి, నలుపు తెల్లగా, తెలుపు నల్లగా, ఖాళీ మాత్రం కాదు, ఏవేవో గీతలు, గోడలు, ఒరిగిపోయి ఉన్నాయి కానీ ఉన్నాయి. ఫిల్మ్‌ని కంటికి ఇంకాస్త దగ్గరికి తెచ్చుకుంది. ప్రతి గడిలోనూ ఒక మూల నల్లటి ముద్ద. మొదటిదాన్లో, రెండోదాన్లో, చివరిదాకా. వెలుతురు దూరింది. నెగెటివ్‌లో నలుపంటే వెలుతురే కదా, ఎక్కడో దూరింది, ఫిల్మ్ డబ్బాలోకి ఎక్కించేటప్పుడు తువ్వాలు సరిగ్గా నొక్కలేదేమో, మూత వంకరగా పెట్టిందేమో, ఆవిడ కళ్ళు పోగొట్టుకుని మరీ తీసిన రోలుని కళ్ళున్న తను పాడుచేసింది. కుళాయి కింద ఫిల్మ్ కడుగుతూంటే నీళ్ళచప్పుడు పెద్దగా ఉంది, అది మంచిదైంది.

"ఏమైనా వచ్చిందా?"

"కడుగుతున్నానండీ."

"అది కాదు నేనడిగింది."

"వచ్చిందండీ. ఇంకా సరిగ్గా చూడలేదు." ఇది నిజమే.

తడి తుడిచి, ఆగలేక, తల ఆరబెట్టుకునే డ్రయ్యర్ పెట్టింది, పెట్టగానే బయట్నుంచి కేక, "ఆ రొద ఏమిటి, డ్రయ్యరా? దుమ్మంతా అంటుకుంటుంది, నేనింత నేర్పింది ఇందుకా?" తిట్టనీ, ఈ ఒక్కసారికి. మధ్యలో ఒక గడి ఏరి, ఎన్లార్జర్లో పెట్టి, ఎర్ర బల్బు వేసి, కాగితం మీదికి వెలుతురు వదిలింది, అలవాటు కొద్దీ పెదాలు లోపలే లెక్కపెట్టాయి, కాగితాన్ని ట్రేలోకి జార్చింది. ముందు ఏమీ ఉండదు, ఎప్పుడూ అంతే, తెల్లకాగితం మందులో అటూ ఇటూ ఊగుతుంది, ఇక రాదేమో అనిపిస్తుంది, ఎక్స్‌రే ఫిల్ముల్లో కూడా ఈ క్షణం అంటేనే తనకి భయమూ ఇష్టమూ. తర్వాత బూడిదరంగు ఒకటి మెల్లగా ఊరింది. గోడ. మన గోడే. చెప్పులు విడిచే చోట, ఒంటికాలి మీద నిలబడి రెండో చెప్పు విప్పడానికి అందరూ చెయ్యి ఆన్చే గోడ, సున్నం మీద అరచేతుల మురికి, ఒకదాని మీద ఒకటి, ఆయనది పైన, పక్కింటి పాపది మోకాళ్ళెత్తున, మధ్యలో ఒకచోట బాగా నల్లబడి, అది తనదే అయి ఉండాలి, డ్యూటీ నుంచి వచ్చి రోజూ అక్కడే ఒక నిమిషం వాలిపోతుంది. మూల ముద్ద ఇంకా తెల్లగానే ఉంది. తనది తప్పయితే అది తెల్లగానే మిగిలిపోవాలి. మిగల్లేదు. దానికి అంచులొచ్చాయి, గీతలొచ్చాయి, గోరొచ్చింది.

వేళ్ళు. చాచిన చేతి వేళ్ళు, కొసలు గోడకి ఆనుకుని. చూపుడువేలు మధ్య కణుపు వాచి పక్కకి తిరిగి ఉంది, ఆ కణుపు తనకి తెలుసు, పోయిన చలికాలం తనే ఎక్స్‌రే తీసింది, లోపలా బయటా తెలిసిన వేలది. తను కాగితాన్ని ఫిక్సర్ ట్రేలోకి మార్చింది. ఎడమచెయ్యి చాచి గోడని తాకడం, కుడిచేత్తో కెమెరా మొహానికి ఆన్చుకోవడం, అంటే దూరం ఎప్పుడూ ఒకటే, చెయ్యి చాచినంత, ఫోకస్ ఒక్కసారి దానికి బిగించి వదిలేస్తే ఇక చూడక్కర్లేదు. అందుకా లెన్సు చుట్టూ కదలకుండా ఆ ప్లాస్టర్ ముక్క! వేలికి గాయమైతే లెన్సుకి అంటిందేమో అనుకుంది తను, ఎంత మొద్దు. మిగతా గళ్ళు భూతద్దం పెట్టి చూసింది. స్విచ్చి చుట్టూ జిడ్డు, వేళ్ళు. మెట్ల మలుపులో అరిగి నిగనిగలాడే కటకటాల కర్ర, వేళ్ళు. లిఫ్టులో అంకె చెరిగిపోయిన బొత్తాం, దానిమీద వాలీ వాలని వేలు. కూరలు తరిగే చెక్కమీద గంట్లు, ఒక గంటులో గోరు. ఒక్కటీ తిన్నగా లేదు, ఒకదాంట్లో నేలంతా పైకి లేచినట్టుంది, కానీ వేలికొస తాకిన ప్రతిచోటా సూదిమొనంత స్పష్టం, సున్నంలో ఇసకరేణువుతో సహా. వెతకడం కూడా వేళ్ళతోనే వెతికింది. ఎక్కడ గరుకు పోయిందో, ఎక్కడ జిడ్డుందో, ఎక్కడ గుంట పడిందో తడుముకుంటూ వెళ్ళి, దొరికినచోట ఆగి, ఇక్కడ అని చెయ్యి పెట్టి, తీసింది. ఒక్కతే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఎవరికీ చెప్పకుండా. ఈ మనిషి ఇంట్లో ఉంటున్నాను నేను, అనుకుంది కోడలు, ఈ మనిషి రోజూ నాకు చపాతీలు వేడిచేసి పెడుతోంది.

తలుపు తీసింది. పగటి వెలుతురు మొహాన కొట్టింది. అత్తగారు లేవలేదు, తల కొంచెం పక్కకి తిప్పి, కంటి అంచులోకి తనని తెచ్చుకుంది.

"చెప్పు. దాచకు."

"అన్నీ వచ్చాయి అత్తయ్యా. కానీ..." నాలుక అబద్ధం వైపు తిరగబోయి ఆగింది, "అన్నిట్లోనూ మీ చెయ్యి పడింది."

ఆవిడ ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "అన్నిట్లోనా? తీసేలోపు వెనక్కి లాగుతూనే ఉన్నాననుకున్నానే. చేతకాలేదన్నమాట. పోనీలే. స్టూడియో ఆయన వచ్చే వేళైంది, కెమెరా తుడిచి ఉంచు."

"ఏం కనిపిస్తోందో చెప్పమంటారుగా ఎప్పుడూ. ఇప్పుడు చెప్పనివ్వండి."

తడి కాగితం పట్టుకుని నేలమీద ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చుంది, చెప్పింది. గోడ బూడిదరంగు, చేతుల మరకలు అంతకంటే ఒక పిసరు నలుపు, పాప చెయ్యి ఎక్కడుంది, ఆయన చెయ్యి ఎక్కడుంది, నాదెక్కడుంది, కిందనుంచి మీ వేళ్ళొచ్చాయి, చర్మం తెల్లగా, కణుపు దగ్గర ముడతలు లెక్కపెట్టొచ్చు, కొస సరిగ్గా నా మరకమీద ఆగింది. ఇదివరకు మీ ఫోటోల్లో అందరూ వెళ్ళిపోయాక మిగిలింది కనిపించేది అత్తయ్యా, ఇందులో దాన్ని ఒక మనిషి వచ్చి పలకరిస్తోంది.

స్టూలు టక్కుమనడం ఆగింది.

"నలుపు నలుపుగా ఉందా? బూడిదలా ఉందా?"

"మూలల్లో నల్లగానే ఉంది. చెయ్యి మీద వెలుతురు కిటికీ పక్కనుంచి పడింది."

"గోరు కింద మట్టుందా?"

"ఉంది."

ఆవిడ నవ్వింది, నోరంతా తెరిచి, దగ్గొచ్చేదాకా. "స్టూడియో ఆయనకి ఫోన్ చెయ్యి. టీ తాగడానికి రమ్మను. కెమెరాకి మాత్రం వద్దు."

ఫ్రిజ్‌లో గుడ్ల అరలో, చల్లగా పాడవకుండా పెట్టిన ఒక రోలు మిగిలి ఉందని ఆవిడకి గుర్తే, తనకి తెలియదు. రోలుని రెండు చేతుల మధ్యా పెట్టుకుని వెచ్చబరిచి, కెమెరా ఒళ్ళో పెట్టుకుని, ఎటో చూస్తూ ఎక్కించింది, మూత నొక్కింది, లివర్ లాగింది. తర్వాత లేచి, "ఎక్కడున్నావ్? కిటికీ దగ్గరికి రా, వెలుతురు నీ ఎడమపక్క పడాలి" అంది.

"నేనా? మీరు మనుషుల్ని తియ్యరుగా."

"తీశాను, జన్మకి సరిపడా తీశాను. ఒక్క మొహాన్నీ తాకి తియ్యలేదు. దూరంగా నిలబడి గడ్డం పైకి, గడ్డం కిందకి అనడమే. రా."

తను వెళ్ళి నిలబడింది. ఫిక్సర్ చేతుల్తోనే, జుట్టు రేగి, జాకెట్టు మీద మందు మరకతో. ఏం చెయ్యనండీ అంటే, ఏమీ చెయ్యకు, అంది ఆవిడ. ఎడమచెయ్యి గాలిలో ముందుకొచ్చి, భుజం తగిలి, మెడ తగిలి, చెంప దగ్గర ఆగింది. వాచిన కణుపు గట్టిగా, వేలికొసలు మెత్తగా, కంటికింద ఎముక మీద. ఇంతకాలం ఒకే ఇంట్లో తిరుగుతూ ఈ చెయ్యి తన మొహమ్మీద ఎప్పుడైనా పడిందా, జ్వరమొచ్చినప్పుడు నుదుటి మీద పడి ఉంటుంది, ఇలా తెలుసుకోవడానికి మాత్రం ఎప్పుడూ పడలేదు.

"నవ్వకు. వేళ్ళు జారుతున్నాయి."

"నవ్వట్లేదండీ."

"మరి ఈ తడేమిటి?"

"మందు కంట్లో పడినట్టుంది."

"మందయితే వాసనొస్తుంది."

"తుడుచుకోనా?"

"వద్దు. దానిమీద వెలుతురు నిలుస్తుంది. అలాగే ఉండు."

రోజంతా ఎక్స్‌రే గదిలో ఎవరెవరికో తను చెప్పే మాట, ఊపిరి బిగపట్టండి, కదలకండి, ఆ మాట ఇప్పుడెవరూ చెప్పలేదు, అయినా ఊపిరి దానంతటదే ఆగింది. షట్టర్ పడింది.

"ఇక వదులు," అంది అత్తగారు, చెంపమీంచి వేళ్ళు తియ్యకుండానే.